చిచ్చా ముందు పెట్టిన పెంగ్విన్

మొన్న పొద్దున పులివెందులలో నా అంగడి తెరిచి, అగరొత్తి ముట్టించి కంప్యూటర్ ఆన్ చేస్తే, తెర మధ్యలో ఒక నీలం పెట్టె వచ్చి కూర్చుంది. ఈ యంత్రంలో ఉన్న సిస్టంకు ఇకమీదట మద్దతు ఉండదనీ, వెంటనే కొత్తదానికి మారమనీ, అయితే నా యంత్రం ఆ కొత్తదానికి పనికిరాదనీ, మూడు ముక్కలూ ఒకే ఊపిరిలో చెప్పింది. భోజనానికి పిలిచి, విస్తరి వేసి, వంట చేయలేదన్నట్టు. కింద రెండు మీటలు. ఒకటి ‘ఇప్పుడే’, ఇంకొకటి ‘తర్వాత గుర్తుచేయి’. నాకు ముప్పై నాలుగేళ్లు. మనుషుల లెక్కలో ఇంకా కుర్రవాడినే గాని, కంప్యూటర్ల లెక్కలో మనవళ్లను ఎత్తుకున్నవాడిని. సీడీని చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెట్టి చూసిన తరం మాది, ఆ తరం వాళ్లకే ఈ నాలుగు మాటలూ చెప్పుకుంటున్నాను.

‘తర్వాత గుర్తుచేయి’ నొక్కాను. అది తర్వాత చేస్తుందో లేదో, నాకు మాత్రం అప్పుడే ఆ ఆషాఢమాసం గుర్తుకొచ్చింది. కుదురుగా ఒక చోట కూర్చోలేక, ప్రొద్దుటూరికీ జమ్మలమడుగుకూ పులివెందులకూ మధ్య బస్సుల్లో, చొక్కా జేబులో పెన్ డ్రైవు పెట్టుకుని బొంగరంలాగా తిరిగిన నెల అది. రాష్ట్రమే రెండయిన ఏడాది, కనుక మా ప్రెస్సు మూడు ముక్కలై ఉండటం అప్పట్లో ఎవరికీ వింతగా అనిపించలేదు.

ప్రెస్సు అంటే పెళ్లికార్డుల ప్రెస్సు. యజమానిని నేను మామా అనేవాణ్ణి. చుట్టరికం వీధి వరకే. వీరపునాయునిపల్లె దగ్గర భూములున్న ఇంటివాడు, మూడు ఊళ్లలో మూడు అంగళ్లు పెట్టాడు గాని మనసంతా సేద్యంలోనే ఉండేది. ప్రొద్దుటూరు అంగట్లో కంపోజింగ్ చేసే పెద్దాయన మాకందరికీ చిచ్చా, అంటే ఉర్దూలో బాబాయి. ఆయన ముందు ఉండేది పాత విండోస్, దాని వెనక బొటనవేలంత లాకు ఒకటి. ఆ లాకు గుచ్చితేనే తెలుగు అక్షరాలు తెర మీదికి వచ్చేవి, పీకేస్తే ఆ కంప్యూటర్ టీవీ పెట్టెకన్నా పనికిరానిది. ఆయుధపూజ నాడు మామ యంత్రాన్నంతా వదిలేసి ఆ లాకుకే కుంకుమ పెట్టేవాడు. జమ్మలమడుగు అంగట్లో ఒక అక్క ఉండేది, ఆమెది కొత్త విండోస్. ఎవరో ఇచ్చిన సీడీలోంచి ఎక్కించింది కాబోలు, ఆమె దగ్గరికి ఆరోగ్యంగా వెళ్లిన పెన్ డ్రైవు సాయంత్రానికి ఏదో ఒక వైరసు అంటించుకుని వచ్చేది. ఇక పులివెందులలో నేను. డిగ్రీ అయిన వెంటనే చేరి, అడిగేవాళ్లు లేని ధైర్యంతో లైనక్స్ పెట్టాను. దాని గుర్తు పెంగ్విన్ పక్షి. ఊరికే వస్తుంది, వైరసుల బెడద లేదు, లాకు అక్కర్లేదు. మామకు దాని మీద ఉన్న అనుమానమంతా ఆ ఊరికే రావడం మీదే. “దుడ్లు అడగకుండా ఇచ్చినోడు ఎప్పుడో ఒకసారి వేరే ఏందో అడుగుతాడప్పా” అనేవాడు.

చిక్కంతా ఏమిటంటే, ఒక అంగట్లో కొట్టిన కార్డు ఇంకొక అంగట్లో తెరుచుకునేది కాదు. తెరుచుకున్నా, తెలుగు బదులు పురుగులు పాకినట్టు గుర్తులేవో వచ్చేవి. అందుకని ఒకచోట కొట్టిన మ్యాటరును ఇంకొకచోట మళ్లీ మొదటినుంచి కొట్టేవాళ్లం. ఆ వేసవిలో జమ్మలమడుగు పెళ్లికొడుకుకూ పులివెందుల పెళ్లికూతురుకూ ఒకే పెళ్లికి మా ప్రెస్సు రెండు ముహూర్తాలు పెట్టింది. మగపెళ్లివారి కార్డులో తొమ్మిది గంటల పది నిమిషాలు, ఆడపెళ్లివారి కార్డులో పది గంటల తొమ్మిది నిమిషాలు. రెండూ వాళ్ల వాళ్ల ఊళ్లలో మాట చెల్లే ఇళ్లే. మామ మిఠాయి పొట్లాలు పట్టుకుని రెండు గడపలూ ఎక్కి దిగాడు. ఆ రెండో కార్డు కొట్టింది నేనే అని ఇవాళ ఒప్పుకుంటున్నాను. ఆ రోజు మాత్రం సిస్టం తేడా వల్ల జరిగిందని గంభీరంగా చెప్పాను, కంప్యూటర్ ఎదురు మాట్లాడదు కాబట్టి.

నా అబద్ధం నా మెడకే చుట్టుకుంది. మామ మమ్మల్నందరినీ ప్రొద్దుటూరుకు పిలిపించి తీర్పు చెప్పాడు. “ఒక మడకకు మూడు రకాల ఎద్దుల్ని కడితే అది యాడికి పోతాది? ఇంగ మూడు అంగళ్లకూ ఒకటే ఉండాల. ఏదుండాల్నో ఆషాఢంలో తేల్చండి, శ్రావణంలో మొదలుపెట్టండి.” తేల్చే పని నాకు అప్పగించాడు, మూడూ తిరిగి చూసి ఒక కాగితం మీద రాసుకుని రమ్మన్నాడు. దాంతోపాటు రెండు మాటలు చేర్చాడు. నేను చెప్పింది సరిపోతే మూడు అంగళ్లనూ కనిపెట్టుకునే పనీ, తిరగడానికి ఒక బండీ నాకు. కొత్తదాంట్లో చెయ్యి తిరగనివాళ్లు కుర్చీ వదిలి, కౌంటర్ దగ్గర నిలబడి కార్డుల మోడళ్లు చూపించాలి. ఆ రెండో మాట అన్నప్పుడు మామ ఎవరి వైపూ చూడలేదు. మేమందరం చిచ్చా వైపు చూశాం. చిచ్చా ఫ్యాను వైపు చూశాడు.

ఆ కుర్చీ సంగతి చెప్పాలి. చిచ్చా సీసపు అక్షరాల కాలం మనిషి. గళ్ల పెట్టెలోంచి ఒక్కొక్క అక్షరం ఏరి కంపోజ్ చేసిన వేళ్లవి. కంప్యూటర్ వచ్చాక అదే వేగం మీటల మీదికి ఎక్కింది. ఆయన దగ్గర కార్డు కొట్టించుకోవాలంటే పద్ధతి ఒకటుండేది. మ్యాటరు రాసుకొచ్చిన కాగితాన్ని ఆయన చేత్తో కూడా తాకేవాడు కాదు. “మీ ఇంటి పెండ్లి గదప్పా, మీ నోటితో చెప్పండి, నేను కొడతా” అనేవాడు. కొట్టి, ప్రింటు తీసి, ప్రూఫు కూడా వాళ్ల చేతికే ఇచ్చేవాడు. వాళ్లు నిలబడి పైకి చదవాలి, ఈయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుని వినాలి. ఎక్కడో మూడో వరుసలో చదివేవాడి గొంతు అర క్షణం తడబడితే చాలు, “ఆడ ఆగినావే, మళ్లీ చదువు” అని పట్టుకునేవాడు, అక్కడ తప్పు ఉండనే ఉండేది. అంతా విన్నాక ఒకటే మాట. “తప్పుల్లేవు. అచ్చుకు ఇయ్యి.” ఆ మాట వినేదాకా చెన్నూరు నుంచి వచ్చిన రైతైనా సరే, బంగారు అంగళ్ల సేటైనా సరే, చేతులు కట్టుకుని నిలబడవలసిందే. ఒకసారి చదువు రాని తండ్రి తన కూతుర్నే తోడు తెచ్చుకున్నాడు. ఆ పిల్ల తన పెళ్లికార్డు తానే చదవవలసి వచ్చి, పెళ్లికొడుకు పేరు దగ్గర మాత్రం గొంతు రాక నిలబడిపోతే, చిచ్చా కళ్లు తెరవకుండానే “ఆడ తప్పు లేదులేమ్మా, ముందుకు పో” అన్నాడు. అంగడంతా గొల్లున నవ్వింది.

ఇంత పద్ధతి గల మనిషిని లైనక్స్‌కు మార్చాలని నేను ఆషాఢం మొదటినుంచీ పట్టుబట్టాను. బండి మీద మోజు అనండి, నా పక్షి మీద ప్రేమ అనండి. మూడు రాత్రులు కూర్చుని, ఆయన వేళ్లకు అలవాటైన మీటల వరుసే లైనక్స్‌లోనూ వచ్చేట్టు తయారుచేశాను. ఆయన ఒకరోజు కుర్చీ ఎత్తు సరిపోలేదన్నాడు, ఒకరోజు కీబోర్డు కొత్త వాసన వేస్తాందన్నాడు, ఒకరోజు శుక్రవారం అన్నాడు. మొండితనమే అనుకున్నాను. నాకూ కుదురు లేదు. జమ్మలమడుగు బస్సెక్కితే అక్క విండోసే సుఖమేమో అనిపించేది, ముద్దనూరు దాటేసరికి మనసు మళ్లీ పెంగ్విన్ మీదికి పోయేది, పులివెందులలో దిగేసరికి రెండూ కాదనిపించి టీ తాగేవాణ్ణి. చివరికి నా కాగితం మీద “మూడు అంగళ్లకును లైనక్స్ తగినది” అని రాసి, గొప్పకు చిచ్చాకే చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విని, “‘తగినది’ ఏందప్పా, సప్పగా? ‘శ్రేయస్కరము’ అని పెట్టు, మామకు బరువుగా ఉంటాది” అని దిద్దాడు. తన కుర్చీ లాగేసే కాగితానికి తానే ప్రూఫు చూశాడన్న ఆలోచన ఆ క్షణాన నాకు రాలేదు. మార్చి రాసుకున్నాను.

మామ ఊరినుంచి పదకొండింటికి వస్తానన్న రోజు, పదింటికల్లా నా యంత్రాన్ని తెచ్చి చిచ్చా బల్ల మీద పెట్టాను. ఆ రోజు ఏ సాకూ చెప్పలేదాయన. అప్పుడే గృహప్రవేశం కార్డుకు వచ్చిన బట్టల వ్యాపారి ఒకాయన్ను నిలబెట్టి, చెప్పమన్నాడు. ఆయన చెబుతూ పోయాడు, ఈయన కొడుతూ పోయాడు. నేను ఫ్యూజు వైరు దగ్గర ఏదో సర్దుతున్నాను. అయిపోయాక చిచ్చా వెనక్కి వాలి, తెరవైపు నిండుగా చూసి, నా వైపు తిరిగి నవ్వాడు. “బాగానే కొడతాందప్పా నీ పక్షి. అక్షరాలు చూడు, ముత్యాల మాదిరి ఉండాయి.”

చూశాను. తెర మీద ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారడానికి రెండు మీటలు కలిపి నొక్కాలి, యంత్రం మొదలుపెట్టినప్పుడు అది నేను చేయాలి, మరిచిపోయాను. వినాయకుడి ప్రార్థన మొదలు విందు వేళ దాకా మొత్తం ఇంగ్లీషు అక్షరాలూ కామాలూ కలిసి, పిల్లి కీబోర్డు మీద పడుకున్నట్టుగా ఉంది. బట్టల వ్యాపారి తెరను చూశాడు, నన్ను చూశాడు, “ఇది ఏ భాష—” అని నోరు తెరిచాడు. నేనాయన భుజం పట్టుకుని, మామా టీ తాగుదాం రా అని బయటికి లాక్కుపోయాను. ఆయన నాకు మామ కాడు, టీ ఆయన అడగలేదు. ఎవరు కింద పడ్డా ముందు ఒక జోకు వేసి తర్వాత చెయ్యిచ్చే నోరు నాది. ఆ రోజు జోకు వచ్చింది, పళ్ల దాకా వచ్చింది, మింగేశాను.

తిరిగి వచ్చేసరికి చిచ్చా అలాగే కూర్చుని ఉన్నాడు. నా చెప్పుల చప్పుడు విని, “ఏం కొట్టినా నేను?” అన్నాడు.

“ఇంగ్లీషు, చిచ్చా.”

“మొత్తమా?”

“మొత్తం. విందుతో సహా.”

“అట్లయితే ఈ బజారులో మొట్టమొదట ఇంగ్లీషు కార్డు కొట్టినోణ్ణి నేనే” అని నవ్వబోయి, నవ్వు సగంలో వదిలేశాడు. అద్దాలు తీసి లుంగీ కొసతో తుడిచాడు. రెండేళ్లయిందట. కళ్లకు పొరలట. ఎదుట మనిషి ఉన్నాడని తెలుస్తుందట, ఎవరో గొంతు వింటే గాని తెలియదట. తెర మీద వరుసలు కనిపిస్తాయట, అక్షరాలు కావట. “పాతదాంట్లో యాడేముందో నా చేతికి తెలుసప్పా. నీ కొత్తదాంట్లో యాడేముందో కండ్లకు తెలియాల. నా కాడ చేతులే ఉండాయి.” కౌంటర్ దగ్గర నిలబడితే పసుపు కార్డుకూ గులాబీ కార్డుకూ తేడా చెప్పలేనన్నాడు. ఆపరేషన్ అరగంట పని కదా అన్నాను. “పని అరగంటే. కుర్చీ నెల దినాలు ఖాళీగా ఉంటాది. ఖాళీ కుర్చీ కనపడితే ఎవురో ఒకరు కూచ్చుంటారు, కూచ్చున్నోళ్లు లెయ్యరు.” అద్దాలు మళ్లీ పెట్టుకుని, “మామకు చెప్తావా?” అన్నాడు. ఆ అడగడంలో బతిమాలడం లేదు, ప్రూఫులో ఒక మాట ఉంచాలా తీసేయాలా అని అడిగినట్టుంది.

బదులు చెప్పడానికి నాకు వ్యవధి లేదు, బయట మామ జీపు ఆగింది. ఆ రెండు నిమిషాల్లో నేను లేచి, కూర్చుని, నీళ్లు తాగి, తాగిన గ్లాసును కడిగి, జీవితంలో మొదటిసారి ఆ అంగట్లో చీపురు కూడా పట్టాను. మామ వచ్చి స్టూలు మీద కూర్చుని, కండువాతో మొహం తుడుచుకుని, “ఏందప్పా, ఏ ఎద్దని తేల్చినావు?” అన్నాడు. కాగితం ఇవ్వబోతే తీసుకోలేదు. “నా కండ్లద్దాలు ఇంటికాడ ఉండాయి. ఈడ ప్రూఫులు చదివిపిస్తారు గదా, అట్ల నువ్వే సదువు, ఇంటాం.”

చిచ్చా కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

నేను నిలబడి చదివాను. కాగితం మీద “మూడు అంగళ్లకును లైనక్స్ శ్రేయస్కరము” అని ఉన్నచోట “మూడు అంగళ్లకును పాత విండోసే శ్రేయస్కరము” అని చదివాను. లాకు అక్కర్లేదని ఉన్నచోట మరి రెండు లాకులు కొనవలెనని చదివాను. మిగతా కాగితం ఖాళీ, అయినా చదువుతూనే పోయాను. అవి రావడానికి ఇరవై దినాలు పట్టుననీ, నమూనా కొరకు ఉన్న లాకును పంపవలెననీ, అందాక ప్రొద్దుటూరు కంప్యూటరును ఎవరికీ వాడుటకు వీలుపడదనీ, ఆషాఢం గనుక నష్టం లేదనీ, చిచ్చా ఆ ఇరవై దినాలూ ఇంటివద్దనే ఉండవచ్చుననీ, లేని వాక్యాలు ఒక్కొక్కటే గాలిలోంచి తీసి చదివాను. గొంతు ఎక్కడైనా తడబడుతుందేమోనన్న భయంతోనే రెండుసార్లు తడబడింది. ఎంతటివాళ్ల తడబాటునైనా పట్టుకునే మనిషి మూడడుగుల దూరంలో ఉన్నాడు, ఆయనకు ఆ కాగితం కంఠతా వచ్చు.

ముగించి నిలబడ్డాను. ఫ్యాను తిరుగుతోంది. చిచ్చా కళ్లు తెరవకుండానే అన్నాడు.

“తప్పుల్లేవు. అచ్చుకు ఇయ్యి.”

మామ చాలా సంతోషించాడు. దుడ్లు పెట్టి కొనేది కాబట్టి ఆయనకు నమ్మకం కుదిరింది. బండి సంగతి మాత్రం, కనిపెట్టుకునే పని పాత సిస్టం మనిషికే ఇవ్వాలి గదా అని సాగదీసి, అక్కడే వదిలేశాడు. మామ వెళ్లాక లాకు పీకి చిచ్చా జేబులో వేశాను. అది ఆయన జేబులో ఉన్నంత కాలం ఆ కుర్చీలో ఏ మొనగాడు కూర్చున్నా ఒక్క అక్షరం కొట్టలేడు. కడపలో కంటి ఆపరేషన్‌కు ఆయన ఆ లాకుతోనే వెళ్లాడు. వాళ్లు చొక్కా మార్చుకోమంటే, గౌను కింద పిడికిలిలో పట్టుకునే పడుకున్నాడట.

శ్రావణం మొదట్లో నల్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. మామ కూడా అక్కడే ఉన్నాడు. కళ్ల సంగతి అప్పటికి చిచ్చానే మామ ఇంటికి వెళ్లి చెప్పేశాడు, ఇన్నాళ్లు దాచినందుకు మామ నాలుగు తిట్టి, మరుసటి రోజు బత్తాయిలు పంపించాడు. పెద్ద రభస జరుగుతుందని నేను దాచుకున్న భయమంతా బత్తాయిలతో ముగిసింది. చిచ్చా లాకు గుచ్చి, కంప్యూటర్ వేసి, రెండేళ్ల తర్వాత తెర మీది అక్షరాలను చూశాడు. ముఖం చిట్లించాడు. తర్వాత మూలన నేను వదిలేసిన పెంగ్విన్ యంత్రం దగ్గరికి పోయి దాన్ని ఆన్ చేయించి చూశాడు, ముక్కు తగిలేంత దగ్గరగా, ఆపైన దూరంగా. మామ వింటుండగానే అడిగాడు.

“అక్షరాలు శానా నున్నగా ఉండాయే! ఇంత మంచిదాన్ని వద్దని ఎందుకు రాసినావప్పా నువ్వు? పాపం, మామతో రెండు లాకులు కొనిపిస్తివే.”

నేను ఆయన ముఖం చూశాను. నల్లద్దాల వెనక ఏముందో ఈనాటికీ తెలియదు. మామ మాత్రం నన్ను తిట్టిన తిట్లు బజారు చివరిదాకా వినిపించాయి. సంక్రాంతి లోపల చిచ్చా మాట మీద మూడు అంగళ్లలోనూ పెంగ్విన్ ఎక్కింది. సరైన ఎద్దును ఎంచిన గౌరవం, మూడు అంగళ్లను కనిపెట్టుకునే పని, బండి, అన్నీ చిచ్చాకు వచ్చాయి. ఆయనకు బండి నడపడం రాదు. కాబట్టి రెండేళ్ల పాటు, ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకూ, అక్కడినుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకూ నేను నడిపాను, ఆయన వెనక కూర్చుని దారి పొడవునా అంగళ్ల బోర్డులు గట్టిగా చదువుతూ తప్పులు పట్టాడు. ఇంతా అయ్యాక కూడా ప్రూఫు మాత్రం గిరాకీల చేతనే చదివించేవాడు. ఇప్పుడు కనిపిస్తోంది కదా చిచ్చా అంటే, “కండ్లు వచ్చినాయని చెవులు పారేస్తామా?” అనేవాడు.

ఇప్పుడు ఆ మూడు అంగళ్లూ లేవు, మామ సేద్యానికే మళ్లిపోయాడు, చిచ్చా పోయి నాలుగేళ్లయింది. నా అంగడికి కార్డు మ్యాటరు ఫోనులో వస్తుంది, ప్రూఫు ఫోనులోనే పోతుంది, అవతలినుంచి బొటనవేలు బొమ్మ ఒకటి వస్తుంది. బొటనవేలు ఎప్పుడూ తడబడదు, అందుకే దాన్ని నమ్మడం కష్టంగా ఉంటుంది. ఏ సిస్టమైతే ఏమిటి, అన్నిట్లోనూ తెలుగు ఒక్కలాగే తెరుచుకుంటోంది, మంచిదే, అప్పట్లో మేం అంతగా తన్నుకున్న సంగతి ఇవాళ చెబితే నమ్మేవాళ్లు లేరు. తప్పు ఉంటే యంత్రమే కింద ఎర్రగీత గీస్తుంది. లేకపోతే ఏమీ అనదు.

ఆ లాకు నా తాళాల గుత్తిలో ఉంది, ఇప్పుడు ఏ యంత్రమూ దాన్ని గుర్తుపట్టదు. మొన్న ఆ నీలం పెట్టెలోని మాటలను, అంగట్లో ఎవరూ లేరు కదా అని, నిలబడి పైకి చదివాను. ఒకచోట కావాలనే తడబడ్డాను. కాసేపు చూసి, షట్టరు సగం దించి, టీ తాగడానికి పోయాను.